పత్తి సీజన్ తొలి రాత్రులు: ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల రాత్రి జీవనం, తిండి

కర్నూలు జిల్లా పడమటి కొసన, తుంగభద్రకు దక్షిణంగా ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో రాత్రి ఎంతసేపు మేలుకోవాలో పంట నిర్ణయిస్తుంది. వేసవిలో పెందలాడే సద్దుమణిగే మార్కెట్ వీధులు కొత్త పత్తి రావడం మొదలయ్యాక అర్ధరాత్రి దాటినా మెలకువగానే ఉంటాయి. సెప్టెంబరులో తొలి పత్తి యార్డుకు చేరిన నాటి నుంచి జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర ముగిసేదాకా నడిచే ఈ కాలాన్ని వ్యాపారులు, హమాలీలు, హోటళ్లవాళ్లు అందరూ ‘సీజన్’ అనే పిలుస్తారు. ఇందులో దసరాకు కొంచెం ముందు నుంచి దీపావళి తర్వాత కొన్ని వారాల వరకు ఉండే మొదటి భాగం తీరు వేరు. సరుకు ఎంత వస్తుందో, ధర ఎక్కడ నిలుస్తుందో, వాన ఎప్పుడు పడుతుందో తెలియని రోజులవి. ఆ రోజుల్లో ఈ ఊళ్లలో రాత్రిపూట ఎవరు తిరుగుతారు, ఎక్కడ ఆగుతారు, ఏం తింటారు అన్నది ఈ వ్యాస విషయం.

2011 జనాభా లెక్కల్లో ఆదోని పురపాలక జనాభా దాదాపు 1 లక్షా 66 వేలు, ఎమ్మిగనూరుది 95 వేలు. రెండింటి మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లాగా విడిపోయాక మిగిలిన కర్నూలు జిల్లాలో పడమటి భాగానికి ఈ రెండే పెద్ద వ్యాపార కేంద్రాలు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలను కర్నూలు జిల్లాలో, రాయదుర్గం తాలూకాను అనంతపురం జిల్లాలో కలిపారు. సరిహద్దు మారినా బంధుత్వాలు, సంతలు, నోటి రుచులు మారలేదు. బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు వైపు రైతులు నేటికీ ఆదోని యార్డుకు పత్తి తెస్తారు. అందుకే సీజన్‌లో ఏ చాయ్ అంగడి దగ్గర నిలబడినా తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బల్ల మీద వినిపిస్తాయి.

నల్లరేగడి, రైలు, జిన్నింగు

ఈ సీమకు పత్తి కొత్తగా వచ్చింది కాదు. బళ్లారి, అనంతపురం, కర్నూలు నల్లరేగళ్లలో పండే పత్తికి మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు వ్యాపార భాషలో ‘వెస్టర్న్స్’ అని ప్రత్యేకమైన పేరే ఉండేది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారిలోనే ఉన్న ఆదోనికి పడమటి తీరపు మిల్లులు, ఓడరేవు ఒక్క రైలు దూరంలోకి వచ్చాయి. పత్తి నుంచి గింజను వేరు చేసే జిన్నింగు, దూదిని బేళ్లుగా బిగించే ప్రెస్సింగు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఊరికి ‘రెండో బొంబాయి’ అని పేరు వచ్చింది. మార్వాడీ వ్యాపార కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్లకు దీపావళి అంటే కొత్త లెక్కల పుస్తకం తెరిచే రోజు. అందువల్ల ఆదోని బజారులో లక్ష్మీపూజ రాత్రికి పండుగ వెలుగుతో పాటు వ్యాపార సంవత్సరపు తొలి రాత్రి అన్న గౌరవమూ ఉంది.

అంతకు ముందటి చరిత్ర ఆదోని కోట గోడల మీద ఉంది. విజయనగర రాజులు, తర్వాత బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాము తమ్ముడు బసాలత్ జంగ్, 1786లో టిప్పు సుల్తాన్ దాడి, 1800లో నిజాము దత్తం చేయగా ఈస్టిండియా కంపెనీ పాలన. బీజాపూరు తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఊరికి ఆనవాలు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం వెలసిన మంచాల గ్రామాన్ని ఇచ్చింది కూడా ఆ మసూద్ ఖానేనని మఠం సంప్రదాయం చెబుతుంది.

ఎమ్మిగనూరు దారి వేరు. అది మగ్గం ఊరు. 1938లో మాచాని సోమప్ప చొరవతో పుట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం దేశంలో పేరు తెచ్చుకున్న తొలితరం చేనేత సంఘాల్లో ఒకటి. నేతగాళ్లకు కాలనీ కట్టించేదాకా వెళ్లింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. పత్తి ఆదోనిలో బేలు అవుతుంటే, ముప్పై కిలోమీటర్ల అవతల నూలు గుడ్డ అయ్యేది. ఈ రెండు ఊళ్ల సంబంధాన్ని ఆ గుడ్డ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

యార్డు గేటు ముందు రాత్రి

సీజన్ తొలి రోజుల్లో ఆదోని రాత్రికి గుండెకాయ వ్యవసాయ మార్కెట్ యార్డు. పత్తితో పాటు వేరుశనగ (ఇక్కడి మాటలో బుడ్డలు), ఆముదాలు కూడా ఇక్కడ అమ్ముడవుతాయి. అయినా రాత్రిని నింపేది పత్తే. దానికి కారణం అమ్మకం జరిగే తీరులో ఉంది. పగలంతా తీసిన పత్తిని సాయంత్రం బండికెత్తుతారు. కౌతాళం, కోసిగి, హొళగుంద, పెద్దకడుబూరు, ఆలూరు వైపుల నుంచి ట్రాక్టర్లు, ఆటోలు, చిన్న లారీలు పొద్దుగూకాక బయలుదేరి రాత్రికి చేరతాయి. తెల్లవారేలోగా యార్డులో చోటు దొరకాలి, సరుకు దించాలి, లాటుకు నంబరు పడాలి. ఉదయం కొనుగోలుదారులు లాటు లాటూ తిరిగి, పింజను వేళ్ల మధ్య లాగి చూసి, ధర వేస్తారు. ఇప్పుడు ఆ ధర ఆన్‌లైన్ టెండరు ద్వారా తేలుతోంది. ధర ప్రకటించాక తూకం, ఆ తర్వాత కమీషన్ ఏజెంటు అంగట్లో లెక్క. అంటే రైతు ఒక రాత్రి పూర్తిగా, ఒక్కోసారి రెండో రాత్రి కూడా, ఊళ్లోనే గడపాలి.

దూదికి నిప్పంటే ప్రాణభయం. పొయ్యి, బీడీ, దీపం ఏదీ కుప్పల దగ్గరికి రాకూడదు. కాబట్టి వంటంతా గేటు బయటికి జరుగుతుంది. యార్డు ఎదుట, దాన్ని చేరే రోడ్ల పక్కన తోపుడు బండ్లు, రేకుల అంగళ్లు బారులు తీరతాయి. ఒకరు బండి మీద పట్ట కప్పి కాపలా పడుకుంటే ఇంకొకరు తినడానికి వస్తారు, తర్వాత వంతు మారుతుంది. ఊరి బజారు నిద్రపోయాక బతికి ఉండే ఈ వీధినే ఆదోని రాత్రి జీవనంగా చెప్పుకోవాలి. సంగీతం, కులాసా వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇక్కడ తక్కువ. కంటి మీద కునుకు లేకుండా ధర కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కువ.

సీజన్ మొదట్లో ఆ ఎదురుచూపు మరీ బరువుగా ఉంటుంది. మొదటి విడత పత్తికి వాన తడి, మంచు తడి ఉంటాయి. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 శాతం ఉండాలి. 12 శాతం వరకు కోతతో తీసుకుంటారు, దాటితే తిప్పి పంపుతారు. 2025–26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మధ్యరకం పింజకు క్వింటాలుకు 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110 రూపాయలు. ఆ ధర అందాలంటే ఫోన్ యాప్‌లో ముందే రోజు ఖాయం చేసుకోవాలన్న నిబంధన కూడా 2025లో వచ్చింది. తేమ యంత్రం చూపే ఒక్క అంకె కోసం రాత్రంతా పట్ట కింద గాలి ఆడేలా, మంచు పడకుండా కాపాడుకునే మనిషికి చలిలో దొరికే వేడి చాయ్ చిన్న విషయం కాదు.

ఉగ్గాని, బజ్జీ, రొట్టె

ఈ రాత్రుల రాజు ఉగ్గాని. బొరుగులను నీళ్లలో ముంచి, మెత్తబడీ మెత్తబడకముందే పిండి తీస్తారు. నూనెలో ఆవాలు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, కరివేపాకు వేయించి పసుపు వేసి, పిండిన బొరుగులు కలుపుతారు. చివర పప్పుల పొడి, అంటే వేయించిన శనగపప్పును ఎండుకొబ్బరితో నూరిన పొడి, చల్లి నిమ్మకాయ పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాని అనిపించుకోదు. చేసేవాళ్ల నేర్పంతా బొరుగులు నీళ్లలో ఉన్న ఆ కొద్దిసేపట్లోనే ఉంటుంది. ఎక్కువ నానితే ముద్ద అవుతుంది, తక్కువ నానితే పప్పుల పొడి అంటుకోదు.

కర్నూలు, అనంతపురం, బళ్లారి జిల్లాల్లో ఎక్కడైనా ఇది పొద్దున టిఫిను. ఆదోని సీజన్‌లో మాత్రం రాత్రి రెండింటికి కూడా దీనికి గిరాకీ ఉంటుంది. బొరుగులు తేలిక, నిల్వ ఉంటాయి, నానబెట్టి రుబ్బే పని లేదు. జనం ఎంతమంది వస్తారో తెలియని రాత్రి దోశ పిండి మిగిలితే పులుస్తుంది, అన్నం మిగిలితే పాడవుతుంది. బొరుగుల సంచి మాత్రం మూతి కట్టి పెడితే రేపటికీ పనికొస్తుంది. సరుకు రాక అటూ ఇటూ అయ్యే తొలి వారాల్లో అంగడివాళ్లను నష్టం నుంచి కాపాడేది ఇదే. ఈ ప్రాంతం ఉగ్గానిని ఇంతగా అంటిపెట్టుకోవడానికి రుచితో పాటు ఈ లెక్క కూడా కారణమని చెప్పవచ్చు.

కడుపు నిండా తినాలనుకునేవాళ్లు జొన్నరొట్టె వెతుక్కుంటారు. వేడినీళ్లతో కలిపిన పిండిని పీట మీద తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది కాల్చే రొట్టె. దాంతో గుత్తివంకాయ, పప్పు, శెనక్కాయల పొడి, పచ్చి ఉల్లిగడ్డ. సజ్జరొట్టెకు చలికాలంలో మళ్లీ ఆదరణ. రెండు పూటలా వరి తినే అలవాటు తుంగభద్ర కాలువ నీళ్లతో పాటు పెరిగింది. 1953లో నీళ్లు నిలిచిన తుంగభద్ర డ్యాం నుంచి వచ్చే దిగువ కాలువ ఈ తాలూకాల్లో కొంత భాగాన్ని వరి పొలాలుగా మార్చింది. కాలువ అందని మెట్ట ఊళ్లు జొన్నను వదల్లేదు. ఎవరి ఊరికి నీళ్లున్నాయో, ఎవరి ఊరికి లేవో వాళ్లు రాత్రికి అడిగే భోజనంలోనే తెలిసిపోతుంది.

కోట కింది పేటల్లో బిర్యానీ, కబాబు, పాయా నడుస్తాయి. మిఠాయి అంగళ్లలో దీపావళికి నేతి వాసన వీధి మలుపు దాకా వస్తుంది. పత్తి డబ్బు చేతికొచ్చిన రైతు ఇంటికి పట్టుకెళ్లేది సాధారణంగా ఈ మిఠాయి, కారాల పొట్లం. మద్యం అంగళ్లకూ సీజన్ సీజనే. 2019 నుంచి ప్రభుత్వం నడిపిన దుకాణాలు 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు లైసెన్సులకు వెళ్లాయి. నడిపేది ఎవరైనా పంట డబ్బు ఇల్లు చేరకముందే కరిగే చోటు అదేనని పల్లె ఆడవాళ్లకు బాగా తెలుసు. భర్తతో పాటు భార్య కూడా బండెక్కి యార్డుకు రావడానికి ఇది ఒక కారణం. అలా వచ్చిన ఆడవాళ్లకు రాత్రిపూట కూర్చునే నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, వెలుతురు ఎంత ఉన్నాయన్నది ధర అంత ముఖ్యమైన ప్రశ్న. 5 రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో ఆగి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్నాయి. అయితే వాటి రాత్రి భోజనం పట్టణపు కూలీల వేళకు పెట్టినది. యార్డు జనం ఆకలి వేళ అర్ధరాత్రి. సీజన్ నెలల్లోనైనా ఆ వేళకు యార్డు గేటు దగ్గర అలాంటి భోజనం ఉండాలి.

దేవరగట్టు రాత్రి

సీజన్ మొదట్లో ఈ ప్రాంతమంతా ఒకేచోట మేలుకునే రాత్రి విజయదశమి. హొళగుంద మండలం నెరణికి దగ్గరి దేవరగట్టు కొండ మీద మాళమల్లేశ్వరస్వామి కళ్యాణం అర్ధరాత్రి జరుగుతుంది. తర్వాత ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. వాటిని తమవైపు తీసుకోవాలని వచ్చే ఊళ్లకు, కాపాడుకునే నెరణికి, నెరణికితండా, కొత్తపేట ఊళ్లకు మధ్య కర్రలతో జరిగే బన్ని ఉత్సవం తెల్లవారేదాకా సాగుతుంది. ఏటా తలలు పగులుతాయి. పోలీసులు, వైద్య శిబిరాలు, నెలల ముందు నుంచే అవగాహన సభలు ఉన్నా గాయాలు ఆగలేదు. భక్తిని గౌరవిస్తూనే, ఈ నెత్తురు తగ్గాలని కోరుకోవడం తప్పు కాదు.

తిండి విషయంలో ఈ రాత్రి యార్డు రాత్రికి పూర్తిగా ఎదురు. మూర్తులను కాపాడే మూడు ఊళ్లవాళ్లు ఉత్సవం ముగిసేదాకా మద్యం, మాంసం ముట్టని నిష్ఠలో ఉంటారు. పాలు ముట్టుకుని బాస చేశాకే కర్ర పట్టుకుంటారు. చూడటానికి వచ్చిన వేల జనానికి మాత్రం కొండ కింద బొరుగులు, బజ్జీలు, చాయ్ అమ్మే బండ్లే ఆధారం. తెల్లవారుజామున పూజారి చెప్పే భవిష్యవాణిలో వానలు, పంటలు, ధరల మాటలు ఉంటాయి. రైతులు ఆ మాటలను శ్రద్ధగా విని యార్డు దాకా మోసుకొస్తారు.

వేరే చలి, వేరే సీజన్

ఒక కాలం మీద బతికే ఊళ్లకు తొలి వారాలు ప్రపంచమంతటా పరీక్షే. ఐరోపాలో ఆల్ప్స్ కొండల స్కీ పట్టణాలది మంచు సీజన్. ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో అక్టోబరు చివర హిమానీనదం మీద ప్రపంచకప్ పోటీలతో సందడి మొదలవుతుంది. ఇష్గుల్‌లో నవంబరు చివర పెద్ద సంగీత కచేరీతో సీజన్ తెరుస్తారు. క్రిస్మస్ దాకా మంచు ఎంత పడుతుందో నమ్మకం ఉండదు. అందుకే వేడి మసాలా వైను, కరిగించిన జున్ను వంటకాలు, పాటల రాత్రులతో జనాన్ని రప్పిస్తారు. అక్కడ తిండే మనిషిని పిలుస్తుంది. ఆదోనిలో పంట మనిషిని తెస్తుంది, తిండి ఆ మనిషి వెనకాలే వస్తుంది. ఆకాశం వైపు చూసే చూపు మాత్రం రెండుచోట్లా ఒకటే. అక్కడ మంచు పడాలని చూస్తారు, ఇక్కడ వాన పడకూడదని చూస్తారు.

సుగ్గి

పట్టణం వెలిగే ఈ రోజుల్లోనే పల్లెలు ఖాళీ అవుతాయి. పాత కర్నూలు జిల్లా సగటు వర్షపాతం 670 మిల్లీమీటర్ల దరిదాపు. పడమటి మండలాలకు అంత కూడా అందదు. కాలువ లేని చోట పత్తి రెండు మూడు విడతల్లో అయిపోతే, ఆ తర్వాత పని ఉండదు. దీపావళి దాటగానే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప పొలాలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టుబడి పనులకు తరలిపోతాయి. దీన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. మూటల్లో జొన్నపిండి, కారంపొడి, రోజుల తరబడి నిలిచే ఎండురొట్టెలు. వెంట పిల్లలు. బడి హాజరు పట్టీలో ఖాళీలు ఉగాది దాకా కనిపిస్తాయి.

ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్ రైల్వేస్టేషన్లలో, బస్టాండ్లలో రాత్రిపూట మూటల పక్కన కూర్చున్న ఈ జనం కూడా సీజన్ రాత్రి జీవనంలో భాగమే. పత్తి అమ్మడానికి వచ్చినవాళ్లు, బతుకు వెతుక్కుంటూ పోయేవాళ్లు ఒకే బండి దగ్గర బజ్జీలు కొంటారు. ఈ రెండో వరుసను వదిలేసి ఆదోని సీజన్ గురించి రాసేదంతా సగం రాతే. సుగ్గికి పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి తినడానికి, చదవడానికి సీజనల్ హాస్టళ్లు నడిపిన సందర్భాలు ఉన్నాయి. అవి దీపావళికి ముందే తెరుచుకుంటేనే ఉపయోగం. తల్లిదండ్రులు బస్సెక్కాక తెరిచిన హాస్టల్‌కు పిల్లలు రారు.

జాతర దాకా

సంక్రాంతి దరిదాపుల్లో వచ్చే పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరు వంతు వస్తుంది. నీలకంఠేశ్వరస్వామి రథోత్సవానికి కర్ణాటక, తెలంగాణల నుంచి కూడా జనం వస్తారు. పశువుల సంత జరుగుతుంది. ఎద్దులతో వచ్చిన రైతులు రోజుల తరబడి వాటి పక్కనే పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. బొరుగులు, బెండ్లు, బత్తాసులు, కారాలు, జిలేబీల అంగళ్లు, రంగుల రాట్నాలు, తెల్లవార్లూ జనసంచారం. అప్పటికి ఆదోనిలో పత్తి ధర తేలిపోయి ఉంటుంది. చేతిలో ఎంత మిగిలిందో తెలిసినవాళ్ల జాతర ఇది. కొత్త ఎద్దులు కొనేదీ, పాతవి అమ్మేదీ ఆ లెక్క ప్రకారమే.

ఫిబ్రవరికి యార్డులో పత్తి పలచబడుతుంది, గేటు ముందు బండ్లూ తగ్గుతాయి. వేసవిలో ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మ అవ్వ రథోత్సవం, శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గర జనసందోహం, శ్రావణ బహుళ విదియ చుట్టూ మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన. అప్పటికి జూన్‌లో విత్తిన పత్తి పూత మీద ఉంటుంది.